చాంద్‌బీ గోడ పరుపులు

"ఇందులో చచ్చినోళ్ల బట్టలు ఎన్ని ఉన్నాయమ్మా?"

గుడివాడలో కల్యాణమండపం నడిపే బసవపున్నయ్య చాంద్‌బీని అడిగిన మొదటి ప్రశ్న ఇది. కూర్చోమనలేదు, ధరెంతని అడగలేదు. ఆవిడ బందరు నుంచి ఆటోలో వేసుకొచ్చిన నమూనాని బల్ల మీద పెట్టించాడు, చూపుడువేలితో పొడిచి చూశాడు, ఆ వేలిని పంచెకి తుడుచుకున్నాడు, అడిగాడు.

చాంద్‌బీకి యాభై దాటాయి. అలాంటి మాటకి కళ్లనీళ్లు పెట్టుకునే వయసు కాదు. అబద్ధమాడితే పని తేలిగ్గా దొరికేదే. కానీ ఆడిన అబద్ధాన్ని గుర్తుపెట్టుకోవడం అంతకన్నా పెద్ద పని అని ఆవిడ అనుభవం.

"ఉండొచ్చండీ. పెళ్లికూతుళ్లవీ ఉండొచ్చు, బారసాల పిల్లలవీ ఉండొచ్చు. మిషన్లో పడ్డాక ఎవరిదో గుడ్డ చెప్పదండీ," అంది.

బసవపున్నయ్య నవ్వలేదు గానీ కుర్చీ చూపించాడు.

బల్ల మీదున్న వస్తువు చూడ్డానికి చంటిపిల్లల పరుపులా ఉంటుంది. నాలుగు వేళ్ల మందం. పైన ముతక గుడ్డ, లోపల పీచు. దర్జీల దగ్గర మిగిలిన కత్తిరింపులు, పెడన అద్దకం షెడ్ల పక్కన పడేసిన ముక్కలు, జనం వదిలించుకున్న పాత బట్టలు, అన్నీ కలిపి ముళ్ల రోలరు కింద చీల్చి, పోగు పోగుగా విడిపోయేదాకా ఏకితే వచ్చే పీచు అది. గోడకి తగిలిస్తే చప్పుడు మింగుతుంది. రేకుల కింద పరిస్తే ఎండని ఆపుతుంది. పెద్ద ఊళ్లలో దీనికి పెద్ద పేర్లున్నాయి, ఆ పేర్లకి తగ్గ రేట్లూ ఉన్నాయి. చాంద్‌బీ పెట్టుకున్న పేరు గోడ పరుపు. పేరులో ఉన్న ఆ పరుపే తర్వాత ఆవిడ కొంప ముంచబోయింది.

చాంద్‌బీ దూదేకులవాళ్ల పిల్ల. తండ్రి ఏకే విల్లు భుజాన వేసుకుని, దాని నారి మీటుతూ బందరు వీధుల్లో తిరిగేవాడు. ఆ టంయ్ టంయ్ వినగానే ఆడవాళ్లు అణిగిపోయిన పరుపులు అరుగుల మీదకి తెచ్చి పడేసేవాళ్లు. ఇప్పుడా చప్పుడు తల్చుకుని నిట్టూర్చేవాళ్లు బందర్లో చాలామందే ఉన్నారు, వాళ్లందరి ఇళ్లలోనూ ఫోమ్ పరుపులే. చాంద్‌బీకి మాత్రం ఆ విల్లు మీద ఏ బెంగా లేదు. దూది దుమ్ము తండ్రి ఊపిరితిత్తుల్ని ఎలా తినేసిందో దగ్గరుండి చూసిన మనిషి. విల్లు మూలపడి మిషన్ వచ్చిన రోజున ఇంట్లో సేమియా పాయసం వండుకున్నారు.

ఆ మిషన్ని తండ్రి పోయాక ఆవిడే నడిపింది. మొగుడు నిజాముద్దీన్‌కి ట్రాలీ ఆటో ఉంది. ఆయన సామాను మోస్తాడు, ఆవిడ దూది ఏకుతుంది. ఇనగుదురుపేటలో అద్దె షెడ్డు, పైన రేకులు. రోజులు బాగానే నడిచాయి. తర్వాత ఫోమ్ పరుపులు వాయిదాల మీద దొరకడం మొదలైంది, దూది రేటు పెరిగింది. దూది బదులు పేలికల పీచు వేసి చవక పరుపులు కుట్టి చూసింది. అవీ కదల్లేదు. అమ్ముడుపోని పరుపుల్ని ఏం చెయ్యాలో తెలియక, షెడ్డు వెనక సగంలో దూలాల మీద బల్లలు పరిచి, పైరేకులకి ఆనేదాకా పేర్చేసింది.

ఒక రోహిణి కార్తె మధ్యాహ్నం ఆ వెనక సగంలో చాప వేసుకుని పడుకుంది. నిద్రపట్టింది. బందరు ఉక్కలో, రేకుల కింద, ఆ వేళప్పుడు నిద్రపట్టడమే ఒక వింత. ఆవిడకి ఆ వింత తట్టలేదు. ఈలోగా వాన కొట్టింది. రేకుల మీద వానంటే పక్కమనిషి మాట పక్కమనిషికి వినపడదు. చాంద్‌బీ హాయిగా నిద్రపోయి, లేచి, బయటికొచ్చి చూస్తే ఉతికి ఆరేసిన పేలికలన్నీ దండేల మీద నీళ్లు కారుతున్నాయి. ఎదురింటావిడ గొంతు పోయేలా పిలిచిందట. చెవుడేమన్నా వచ్చిందా నీకని నాలుగు చీవాట్లు పెట్టింది.

చాంద్‌బీకి నిజంగానే భయమేసింది. లోపలికెళ్లి షెడ్డు ముందు సగంలో నిలబడింది. చెవులు చిల్లులు పడేలా వాన. వెనక సగంలోకి నడిచింది. ఎవరో తలుపేసినట్టు చప్పుడు తగ్గిపోయింది. మళ్లీ ముందుకొచ్చింది, మళ్లీ వెనక్కెళ్లింది. నిజాముద్దీన్ ఆటో ఆపి లోపలికొచ్చేసరికి, తడిసిన చీరతో పెళ్లాం షెడ్డులో అటూ ఇటూ నడుస్తూ కనిపించింది. ఆయన ఏమీ అడక్కుండా టీ పెట్టాడు.

ఆ టీ తాగుతూ పైకి చూస్తే ఆవిడకి సంగతి అర్థమైంది. అన్నాళ్లూ అక్కడ ఊరికే కూర్చున్నాయనుకున్న పరుపులు జీతం లేకుండా పని చేస్తున్నాయి.

ముందు ఆ వీధిలో రేకుల ఇళ్లవాళ్లు కొన్నారు. పెద్ద బేరాలేం కావు. తర్వాత వీరమ్మ వచ్చింది. వీరమ్మది దివిసీమలో సొర్లగొంది. మొగుడూ కొడుకూ సముద్రం మీదకి వెళ్తారు, ఆవిడ చేపలు తెచ్చి బందరు మార్కెట్లో అమ్ముతుంది. పొద్దున ఐసు వేసుకుని బయలుదేరితే, బందరు చేరి కొంత బేరం అయ్యేసరికి పెట్టెలో సగం నీళ్లే. చాంద్‌బీ ఆ పెట్టెకి చుట్టూ పరుపు కుట్టి, తడవకుండా పైన పాత ఫ్లెక్సీ తొడిగింది. ఐసు మధ్యాహ్నం దాకా నిలబడింది. ఆ ఫ్లెక్సీ మీద ఎవరో నాయకుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు ఉండేవి. ఏ పార్టీ నాయకుడో అనవసరం. చేపలు కొనడానికి వచ్చినవాళ్లందరికీ ఆయన నమస్కారం పెడుతూనే ఉన్నాడు. అప్పట్నుంచి వీరమ్మా చాంద్‌బీ ఒకరికొకరు వదిన.

ఈ మధ్యలోనే పర్యావరణం మీద పనిచేసే సంఘం ఒకటి పట్నం నుంచి దిగింది. షెడ్డులో వీడియో తీశారు. భూమాత తరఫున ఆవిడకి ధన్యవాదాలు చెప్పారు. చాంద్‌బీ భూమాత కోసం ఏమీ చెయ్యలేదు, షెడ్డు అద్దె కోసం చేసింది. ఆ మాట చెబుతుంటే కెమెరా ఆపేశారు. వెళ్లేముందు శాలువా కప్పారు. మర్నాడు ఆవిడ దాన్ని మిషన్లో వేసి చూసింది. పాలిస్టరు. పీచు రాలేదు, రోలరుకి చుట్టుకుంది.

అభినందనలతో అద్దె తీరలేదు. పాత ఇనుము కొనే అజీజ్ అప్పటికే వచ్చి మిషన్ చుట్టూ తిరిగి చూసి, తూకానికి ఇంత అని చెప్పి వెళ్లాడు. నిజాముద్దీన్ చెడ్డవాడు కాదు, లెక్క తెలిసినవాడు. షెడ్డు వదిలేసి, మిషన్ అమ్మేసి, ఆ డబ్బు ఆటో ఫైనాన్సుకి కట్టేద్దామన్నాడు. చాంద్‌బీ గడువు అడిగింది. గుడివాడలో ఒక పెద్ద పని వచ్చేలా ఉంది, అది తప్పితే అజీజ్‌ని నేనే పిలుస్తానంది. ఆ మాట మీద ఇద్దరూ నిలబడ్డారు. నమూనా ఆటోలో ఎక్కించింది నిజాముద్దీనే.

ఇక బసవపున్నయ్య బాధ. ఆయన మండపానికీ పక్కింటికీ మధ్య ఉన్నది ఒక్క ప్రహరీగోడ. ఆ పక్కింట్లో ఉండేది కృపాకుమారి, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. పెళ్లిళ్ల సీజన్లో ఆవిడ ఇంట్లో టీవీ పెట్టుకుంటే బొమ్మ మాత్రమే వస్తుంది, మాట మండపం నుంచి వస్తుంది. మొదట బసవపున్నయ్యకి చెప్పి చూసింది. ఆయన స్వీటు డబ్బా పంపించాడు. ఆవిడ డబ్బా తిప్పి పంపి అర్జీ పెట్టింది. మళ్లీ పెట్టింది. చప్పుడు తగ్గించకపోతే మండపానికి అనుమతి ఉండదని పైనుంచి కాగితం వచ్చేదాకా పెడుతూనే ఉంది. పట్నం కంపెనీ ఒకటి వచ్చి కొలతలు తీసుకుని రేటు చెబితే, ఆ డబ్బుతో ఇంకో మండపం కట్టొచ్చని బసవపున్నయ్యకి అనిపించింది. టెంటు సామాను వాడొకడు చాంద్‌బీ పేరు చెప్పాడు.

కుర్చీలో కూర్చోబెట్టాక ఆయన రెండు షరతులు పెట్టాడు. పెళ్లిళ్లు జరిగే చోటు కాబట్టి పాత బట్టలు ఒక్క పోగు కూడా ఉండకూడదు, అంతా దర్జీల కొత్త కత్తిరింపులే కావాలి. రెండోది డబ్బు సంగతి. మొత్తం లక్షా ఇరవై వేలు. అడ్వాన్సు లేదు.

"ఆ పక్కింటి మేడం కాగితం మీద తన చేత్తో 'వినపడట్లేదు' అని రాసివ్వాలి. ఆ కాగితం నా చేతికొచ్చిన రోజున నీ డబ్బు నీ చేతికొస్తుంది," అన్నాడు.

శత్రువు సర్టిఫికెట్ మీద కూలి. చాంద్‌బీ సరేనంది. సరేననక ఏం చేస్తుంది, బందర్లో అజీజ్ కాటా సిద్ధంగా ఉంది.

బయటికొచ్చి ఆవిడ చేసిన మొదటి పని కృపాకుమారి గేటు తట్టడం. మండపం పని మీద వచ్చానని చెప్పగానే ఆవిడ తలుపు సగమే తీసింది. చప్పుడు మీకు ఏ గదిలో ఎక్కువ వినపడుతుందో చూడొచ్చా అండీ అని అడిగేసరికి మిగతా సగం తీసింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. గది గదీ తిప్పి చూపించింది. వంటింట్లో గిన్నెలు ఎలా అదురుతాయో చూపించింది. పెళ్లిళ్లన్నా సన్నాయన్నా తనకి కోపం లేదని, అడక్కుండా తన మంచం మీదకి రావడమే నచ్చదని చెప్పింది. నమూనా చేతిలోకి తీసుకుని, అంచు విప్పి చిటికెడు పీచు లాగి, అగ్గిపుల్ల గీసి అంటించింది. భగ్గుమంది.

"ఇది తీసుకెళ్లి కర్పూరహారతులిచ్చే చోట కడతావా?" అంది కృపాకుమారి.

చాంద్‌బీ ఇన్నాళ్లూ చప్పుడూ ఎండా చూసుకుంది గానీ నిప్పు సంగతి ఆలోచించలేదు. కృపాకుమారే ఉపాయం చెప్పింది. వెలిగారం, క్యారంబోర్డు మీద చల్లే బోరిక్ పొడి, రెండూ వేడినీళ్లలో కరిగించి, పీచునీ పైగుడ్డనీ అందులో ముంచి ఎండబెట్టాలి. ఏది ఎంతో కొలతలు కూడా చెప్పింది. పురుగు కూడా పట్టదంది. పాతికేళ్లు పాఠం చెప్పిన మనిషి, వినేవాళ్లు దొరికితే వదుల్తుందా. బందరు వెళ్లి అలాగే చేసి, ఎండిన పీచుకి అగ్గిపుల్ల పెడితే నల్లబడి ఊరుకుంది, మంట లేవలేదు.

కత్తిరింపుల కోసం నిజాముద్దీన్ బందరు దర్జీలందరి దగ్గరా మూటలు కట్టించాడు, పెడన ట్రిప్పు వేసినప్పుడల్లా అద్దకం ముక్కలు నింపుకొచ్చాడు. చాంద్‌బీ ఏకింది, ముంచింది, ఎండేసింది, కుట్టింది. బాగా కుట్టింది. అక్కడే వచ్చింది తంటా.

పరుపు కుట్టేవాళ్లకి ఒక పట్టింపు ఉంటుంది. టాకా, అంటే కుట్టు, దూరంగా పడాలి. పరుపు నిండా దారం బిగిస్తే దూది అణిగి రాయిలా అవుతుంది, అలాంటి పరుపు కుట్టినవాడిని తోటివాళ్లు చేతగానివాడంటారు. పాత చీరలు పొరలు పొరలుగా వేసి, దగ్గర దగ్గరగా దారం లాగి ఆడవాళ్లు ఇంట్లో కుట్టుకునేదాన్ని బొంత అంటారు. బొంత చూస్తే దూదేకులవాళ్ల మొహం ఎలా మారుతుందో చెప్పక్కర్లేదు. చాంద్‌బీ గోడ పరుపులు అందుకే మెత్తగా, పొంగి, మీద వాలితే నిద్రొచ్చేలా తయారయ్యాయి. మండపం రేకుల కింద వెదురు దబ్బల మీద పరిచారు, ప్రహరీ వైపు గోడకి నిలువునా తగిలించారు. తగిలించే ముందు బసవపున్నయ్య పురోహితుడి చేత పసుపునీళ్లు చల్లించాడు. పసుపునీళ్లతో పోయే దోషమే అయితే కొత్త కత్తిరింపులు దేనికని చాంద్‌బీ అడగలేదు. నీళ్లు తగ్గించి పసుపు ఎక్కువ వెయ్యమనండి, తడిస్తే కష్టమని మాత్రం అంది.

ఒక నిశ్చితార్థం అయింది. డీజే మోగింది. మర్నాడు బసవపున్నయ్య ఫోను.

"నీ పరుపులకి పొట్టలొచ్చాయి, వచ్చి చూసుకో."

వెళ్లి చూసింది. గోడ పొడుగునా వరసగా, అన్నిటికీ నెలలు నిండినట్టున్నాయి. డీజే అదురుకి లోపలి పీచంతా జారి అడుక్కి చేరింది. పై సగంలో వట్టి గుడ్డ వేలాడుతోంది, చప్పుడు అందులోంచి రాజమార్గంలో వెళ్లినట్టు వెళ్లింది. పొద్దున్నే కృపాకుమారి ఇంకో అర్జీ రాసిందట. రేకుల కింద పడుకోబెట్టినవి మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిడ జన్మలో కుట్టినవన్నీ పడుకునేవే. నిలబడే వస్తువు ఇదే మొదలు.

రాబోయే ముహూర్తాల్లో మొదటి పెళ్లి దాకా ఆగుతానన్నాడు బసవపున్నయ్య. అప్పటికీ కాగితం రాకపోతే పరుపులు తీసుకుపోవచ్చన్నాడు. రేకుల కింద బాగున్నవాటితో కలిపి.

పొట్టలొచ్చిన పరుపులు ట్రాలీలో బందరు తిరిగొచ్చాయి. నిజాముద్దీన్ షెడ్డు ముందు దించుతూ, అజీజ్ శుక్రవారం వస్తానన్నాడని చెప్పాడు. చెప్పిన తీరులో దెప్పు లేదు, అందుకే ఎక్కువ తగిలింది. చాంద్‌బీ ఒక పరుపుని గోడకి ఆనించి ఎదురుగా కూర్చుంది. విప్పి మళ్లీ కుట్టింది, మళ్లీ నిలబెట్టింది, కర్రతో నాలుగు దెబ్బలు వేసింది. పీచు మళ్లీ కిందికే జారింది.

ఐసుపెట్టెకి చిరుగు పడిందని వీరమ్మ వచ్చింది అప్పుడే. కర్రతో పరుపుని కొడుతున్న మనిషిని చూసి, ఏం తప్పు చేసిందొదినా పాపం అని అడిగింది. కథంతా విని, పరుపు పైభాగం పట్టుకుని ఊపి, అడుగుభాగం బరువు చూసింది. దీనికి లోపల పట్టు లేదంది. వలలో చేప బరువంతా ఒక్కచోట పడదు, ముడి ముడీ తన వాటా మోస్తుంది, అలా మోసేది దీనికేదీ అంది. చిరిగిపోయి పనికిరాని వలలు సొర్లగొంది ఒడ్డున గుట్టలు పడి ఉన్నాయి, ఎవరూ తీసుకెళ్లరు. అడుగున ఒక వల, మీద ఒక వల, మధ్యలో పీచు, కన్ను కన్నుకీ ముడి. తను చేసి చూపిస్తానంది.

చాంద్‌బీ మొహం మారింది. అంత దగ్గరగా ముడి వేస్తే అది బొంతవుతుంది, మా నాన్న చూస్తే అన్నం తినడంది. మెత్తదనం ఏమైపోవాలంది.

వీరమ్మ గోడ వంక చూసింది, పరుపు వంక చూసింది.

"గోడ మీద ఎవరు పడుకుంటారొదినా?"

చాంద్‌బీ కర్ర కింద పెట్టింది.

వీరమ్మ తన కోడలు దుర్గాదేవిని కూడా వెంటబెట్టుకొచ్చింది. చల్లపల్లి మీదుగా వలల మూటలు బస్సు టాపు మీద వచ్చాయి. వాటిని చాకలిసోడాలో నానబెట్టి, ఉతికి, ఎండేసి, మళ్లీ ఉతికారు, ఎందుకంటే రాబోయే పెళ్లి ఉల్లిపాయ కూడా తినని వాళ్లింటిది. వల కనపడకుండా పైన వెలిగారం పట్టించిన గుడ్డ తొడిగారు. వలలు బాగుచేసే పుల్లతో అత్తాకోడళ్లు ముడులు వేస్తుంటే, చాంద్‌బీ పీచు సర్దింది. మిషన్ దగ్గర పెరిగిన మనిషి, సొంత షెడ్డులో అందించే పనిలో పడింది. ఆ సంగతి దుర్గాదేవి పైకి అనేసింది కూడా, మా దగ్గర పని బాగానే నేర్చుకుంటున్నారు పిన్నీ అని. అజీజ్ శుక్రవారం రానే వచ్చాడు. ముగ్గురు ఆడవాళ్లూ తలెత్తకపోయేసరికి, టీ తాగి వెళ్లిపోయాడు.

గుడివాడలో మళ్లీ తగిలించినప్పుడు బసవపున్నయ్య ముక్కు ఆనించి వాసన చూశాడు. ఒకదాన్ని చూసి ఊరుకోలేదు, గోడ పొడుగునా చూసుకుంటూ వెళ్లాడు. సోడా వాసన తప్ప ఏమీ దొరకలేదు. గుద్ది చూశాడు. గట్టిగా ఉంది. ఇది పరుపులా లేదేంటమ్మా అన్నాడు. కాదండీ, బొంత, అంది చాంద్‌బీ. ఆ మాట అనడానికి ఆవిడకి కాస్త నోరు కూడదీసుకోవాల్సి వచ్చింది.

పెళ్లి ముహూర్తం పగటిపూటే. మేళం మొదలయ్యే వేళకి చాంద్‌బీ కృపాకుమారి వరండాలో స్టూలు మీద కూర్చుంది. నిజాముద్దీన్ గేటు పక్కన ఆటోలోనే ఉండిపోయాడు, లోపలికి రమ్మంటే వద్దన్నాడు. కృపాకుమారి పరీక్ష హాల్లో కాగితాలు పంచే మనిషిలా వాచీ చూసుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. ముందు వరండాలో, తర్వాత పడగ్గదిలో, తర్వాత వంటింట్లో. చాంద్‌బీ వెనకే తిరిగింది. వంటింట్లో గిన్నెలు అదరడం లేదు. గోడవతల సన్నాయివాడి బుగ్గలు ఉబ్బే ఉంటాయి, ఇవతలికి ఒక్క స్వరం రావడం లేదు. పురోహితుడి మైకూ లేదు. ఉన్నదల్లా ఒక్కటే, గుండెల మీద ఎవరో వేళ్లతో తట్టినట్టు, దుబ్ దుబ్ అని.

కృపాకుమారి తెల్లకాగితం తీసుకుని రాసింది. సన్నాయి వినపడట్లేదు. మైకు వినపడట్లేదు. డోలు వినపడుతోంది. కింద సంతకం పెట్టి తేదీ వేసింది.

చాంద్‌బీకి చదువు అంతంతమాత్రం గానీ ఆ మూడు ముక్కలూ చదవగలదు. మిషన్ కళ్లముందు కదిలింది. మూడో మాట తీసెయ్యకూడదా మేడం అని అడిగేసింది. అంత సన్నగా వినపడేదానికి రాయడం దేనికని, వెలిగారం నీళ్లకి మీకు ఎలాగూ రుణపడి ఉన్నానని, ఏదేదో అంది.

"తీసేస్తానే అనుకో. రేపు మళ్లీ డీజే మోగితే నా మాట ఎవడు నమ్ముతాడు? నా దగ్గరున్నది ఆ ఒక్క మాటే," అంది కృపాకుమారి.

తర్వాత కాస్త మెత్తబడి, సన్నటి చప్పుళ్లు పీచులో చిక్కుకుంటాయి, లావు చప్పుళ్లు గోడనే కదిలించుకుంటూ వస్తాయి, వాటికి ఇంకా మందం, ఇంకా బరువు కావాలని చెప్పింది. చాంద్‌బీ విన్నదంతా మనసులో వేసుకుంది గానీ, ఆ పూటకి కావాల్సింది పాఠం కాదు.

కాగితం బసవపున్నయ్య చేతికి వెళ్లింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివాడు. ఇలాంటి సర్టిఫికెట్ వస్తుందని ఆయనా అనుకోలేదు. పూర్తిగా వినపడుతుందంటే పైసా ఇవ్వనక్కర్లేదు, అసలు వినపడదంటే మొత్తం ఇవ్వాలి. ఇది రెండూ కాదు. మాట తప్పాడని ఊళ్లో అనిపించుకోవడం ఆయనకి ఇష్టం లేదు, ఇవ్వక్కర్లేని డబ్బు ఇవ్వడం అంతకన్నా ఇష్టం లేదు. కాసేపు పందిట్లో అటూ ఇటూ చూసి, భోజనానికి లేస్తున్న సన్నాయి పెద్దాయన్ని పిలిచాడు.

"మేళం డబ్బులు మీరు ఎలా పంచుకుంటారు?" అని అడిగాడు.

ఎక్కడైనా ఉన్న పద్ధతేనండీ, సన్నాయి వైపు రెండు వాటాలు, డోలు వైపు ఒకటి అన్నాడు పెద్దాయన. ఎందుకడుగుతున్నాడో తెలియక డోలాయన మొహం వంక చూశాడు. డోలాయన ఇంకో వంక చూశాడు. ఆ వాటా మీద వాళ్లకి పాత పేచీ ఏదో ఉన్నట్టుంది.

బసవపున్నయ్య తీర్పు అక్కడికక్కడే అయిపోయింది. సన్నాయి ఆగింది కాబట్టి రెండు వాటాలు ఇచ్చేస్తాడు. డోలు ఆగిన రోజున మూడో వాటా. మైకు సంగతేంటండీ అని చాంద్‌బీ అడిగింది. మైకు మేళంలోది కాదన్నాడు. మరి రేకుల కింద పరిచినవాటితో హాలు చల్లబడింది కదండీ, ఏసీలు సగమే వేస్తున్నారట కదా, ఆ చల్లదనానికి ఏమీ లేదా అని అడిగింది. చల్లదనం మన మాటల్లో లేదు కదమ్మా అన్నాడు. వడ్డనవాళ్లని పిలిచి, భార్యాభర్తలిద్దరికీ విస్తళ్లు వేయించాడు. భోజనానికి లెక్క కట్టలేదు, అది చెప్పాలి.

తిరుగుదారిలో పెడన దాటాక నిజాముద్దీన్ అజీజ్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పానన్నాడు. ఎప్పుడు చేశావంటే, నువ్వు ఆ మేడం వంటింట్లో ఉన్నప్పుడన్నాడు. అప్పటికి కాగితం రాయలేదు కదా అంటే, ఆటోలో కూర్చున్న నాకూ వినపడలేదు కదా అన్నాడు. చాంద్‌బీ ఆయన వంక చూసి, డోలు కూడానా అని అడిగింది. డోలు వినపడిందన్నాడు.

మిషన్ ఇనగుదురుపేటలోనే ఉంది, తిరుగుతోంది. షెడ్డు అద్దె బకాయి తీరింది. వీరమ్మకీ దుర్గాదేవికీ కూలీ, వలల డబ్బూ అందాయి. సొర్లగొందిలో పాత వలలకి ఇప్పుడొక రేటు వచ్చింది. వీరమ్మ వదిన వరసని పక్కనపెట్టి దాన్ని రెండుసార్లు పెంచింది. గుడివాడ కోసం చాంద్‌బీ కొత్త రకం ఒకటి కడుతోంది, అడుగున వెలిగారం నీళ్లలో తడిపి ఎండబెట్టిన పాత గోనెలు రెండు పొరలు, మధ్యలో ఎడం, పైన పీచు. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. దాని ముందు నిజాముద్దీన్ చేత డబ్బా వాయింపించి, తను వెనక నిలబడి వింటోంది. బోర్డు మీద ఇప్పటికీ గోడ పరుపులు అనే ఉంది. బొంతలని రాయిస్తే ఎవరూ కొనరట.

డోలు తాలూకు నలభై వేలు బసవపున్నయ్య ఇంకా ఇవ్వాలి.